బాత్రూమ్ విమానం చివర ఉంటుంది: పేగు జబ్బుతో నా అనుభవం

2023 ఉగాదికి తిరుపతి వచ్చి, రెండు రోజులు అమ్మ చేతి బొబ్బట్లూ, అవ్వ నూరిన ఊరుబిండితో రాగి సంగటీ తిని హైదరాబాద్ తిరిగి వెళ్లాను. మార్చి 24న పొద్దున, డ్యూటీకి బయలుదేరే ముందు, అద్దె ఇంటి బాత్రూమ్‌లో మొదటిసారి రక్తం చూశాను.

కారం ఎక్కువైందనుకున్నాను. తరువాత మొలలు అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ల కో-పైలట్‌ని. రోజుకు నాలుగైదు గంటలు సీటుకు బెల్టుతో బిగించుకుని కూర్చునేవాడికి మొలలు రావడంలో వింతేముంది? మందుల షాపులో ఒక పూత మందు, ఇసబ్గోల్ పొట్టు కొనుక్కున్నాను. 340 రూపాయలు. ఈ కథ మొత్తంలో అంత తక్కువ ఖర్చు ఇంకెక్కడా లేదు. అంత దండగ ఖర్చూ లేదు.

ఇరవై ఆరు రోజులు దాచాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు. ఆ ఇరవై ఆరు రోజుల్లో 58 గంటలు ఎగిరాను. విమానం ఎక్కే ముందు నా ఒళ్లు బాగుందా లేదా అని నన్ను నేనే అడగాలి, బాగా లేకపోతే ఎక్కకూడదు. శిక్షణలో మొదటి నెలలోనే చెప్పే మాట ఇది. ఆ ప్రశ్న వేసుకోవడమే మానేశాను. డ్యూటీ ఉన్న రోజు పొద్దున ఏమీ తినేవాడిని కాదు. తినకపోతే వెళ్లాల్సిన పని ఉండదనుకున్నాను. కానీ ఈ జబ్బుకు తిండితో పని లేదు. ఖాళీ కడుపుతో కూడా తొందర వస్తుంది. వెళ్తే నెత్తురూ జిగురూ తప్ప ఏమీ ఉండదు. పైగా పైకి వెళ్లిన కొద్దీ కడుపులోని గాలి ఉబ్బుతుంది. క్యాబిన్‌లో 8,000 అడుగుల ఎత్తుకు సమానమైన గాలి ఉంటే దాదాపు మూడో వంతు పెరుగుతుంది. పరీక్షకు చదివినప్పుడు అది లెక్క. ఇప్పుడు బెల్టు కింద తెలిసేది.

ఎందుకు దాచానంటే, భయం. నా శిక్షణకు 38 లక్షలు అప్పు. దామలచెరువు దగ్గర నాయన మామిడి తోట బ్యాంకులో ఉంది. నెలకు 46,000 కంతు. నా జీతంలో సగానికి పైగా ఎగిరిన గంటలను బట్టే వస్తుంది. ఎగరకపోతే అది సున్నా.

ఏప్రిల్ 19, బుధవారం. హైదరాబాద్ నుంచి తిరుపతి, గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. ఏటీఆర్ విమానంలో మేము కూర్చునేది ముందు, మా వెనక సామాను గది, ఆ వెనక డెబ్బై మందికి పైగా ప్రయాణికులు, వాళ్లందరి వెనక బాత్రూమ్. పైలట్ వెళ్లాలంటే ముందు క్యాబిన్ సిబ్బందిలో ఒకరిని లోపలికి పిలవాలి, ఎందుకంటే కాక్‌పిట్‌లో ఒక్కరే ఉండకూడదు. ఆ అమ్మాయి వచ్చాక తలుపు తీసి, యూనిఫారంతో, అందరి మధ్యగా ఆ చివరిదాకా నడవాలి. పిల్లలు చెయ్యి ఊపుతారు. వెంకన్న దర్శనానికి వెళ్తున్న పెద్దవాళ్లు కొందరు దండం కూడా పెడతారు. ఆ రోజు అలా రెండుసార్లు నడిచాను. రెండోసారి తిరిగి వస్తుంటే దండం పెట్టిన పెద్దావిడే "ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

రేణిగుంటలో దిగాక, ఇంజన్లు ఆగాక, కెప్టెన్ నా వైపు తిరిగారు. "ఎన్నాళ్ల నుంచి?" అన్నారు. మూడు వారాలన్నాను. "ఇక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు కంట్రోల్స్ నావి. రేపటి నుంచి సిక్ వేసుకో. నాకు చెప్పడం కాదు, డాక్టరుకు చెప్పు" అన్నారు. ఇంకేమీ అడగలేదు, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఆయన మీద కోపం వచ్చింది ఆ రాత్రి. ఇప్పుడు లేదు.

నాలుగు రోజులు చూసి, రాత్రి రైలులో ఇంటికి వచ్చాను. బస్సు ఎక్కే ధైర్యం లేదు. బాత్రూమ్ పక్క బెర్తు కావాలని అడిగితే, ఇన్నేళ్ల సర్వీసులో ఆ బెర్తు కోరి అడిగినవాడిని చూడలేదన్నారు టీటీఈ గారు.

తిరుపతిలో ఒక ప్రైవేటు గ్యాస్ట్రో డాక్టరును కలిశాను. ఫీజు 600. మొదట జిగట విరేచనాల లెక్కలో ఏడు రోజులు మెట్రోనిడజోల్ ఇచ్చారు. నాలుకంతా ఇత్తడి రుచి తప్ప మార్పు లేదు. అప్పుడు మల పరీక్ష రాశారు. పేగులో వాపు ఉంటే కాల్ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్ మలంలో పెరుగుతుందట. నమూనా చెన్నై పంపారు, నాలుగు రోజులు పట్టింది, 3,200 రూపాయలైంది. 50 లోపు ఉంటే మామూలు. నాది 1,240.

ఆ రోజుల్లో నాకు తెలియకుండానే ఒక పట్టిక తయారైంది. విమానం బయలుదేరే ముందే, దిగాల్సిన చోట దిగలేకపోతే ఇంకెక్కడ దిగాలో రాసుకుంటాం. తిరుపతిలో కుదరకపోతే చెన్నై, లేదా బెంగళూరు. ఊళ్లో బాత్రూమ్‌ల విషయంలోనూ అంతే: స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండ్ దగ్గర శ్రీనివాసం, గోవిందరాజస్వామి గుడి వైపు సత్రాలు, అలిపిరి దారిలో ఇంకో రెండు. పుట్టి పెరిగిన ఊరు యాత్రికుల ఊరు కావడం ఇంత మేలు చేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. హైదరాబాద్‌లో ఆరు కిలోమీటర్లకు ఒక్కటి దొరకలేదు నాకు.

మే 10న కొలనోస్కోపీ, అంటే గొట్టానికి అమర్చిన కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. పరీక్షకన్నా ముందు రాత్రే కష్టం. పేగు ఖాళీ కావడానికి రెండు లీటర్ల మందు నీళ్లు, గ్లాసు గ్లాసు చొప్పున, పావుగంటకొకటి. నిమ్మ రుచి అని పొట్లం మీద ఉంది. చక్కెర మరిచిపోయి ఉప్పు వేసిన షర్బత్‌లా ఉంటుంది. చల్లబరిస్తే కొంత నయం. ఎవరూ చెప్పని విషయం ఒకటి చెబుతాను: నీళ్ల ట్యాంకు చూసుకోండి. మే నెల, మా వీధికి కొళాయి రోజు విడిచి రోజు. రాత్రి పదకొండుకు మేడ మీద ట్యాంకు అడుగంటింది. నాయన లుంగీ ఎగగట్టి పక్కింటి వాళ్ల బోరు నుంచి పైపు లాగారు. "పైలట్ కొడుక్కి ఇంధనం నింపుతున్నా" అన్నారు. ఆ రాత్రి ఇంట్లో అందరూ నవ్వింది ఆ ఒక్క మాటకే. పరీక్షకూ, మత్తుకూ, పేగు ముక్క తీసి పరీక్షకు పంపినందుకూ కలిపి 9,300.

ముక్క రిపోర్టుకు ఆరు రోజులు. ఊళ్లో గంగజాతర రోజులవి. బైరాగి వేషాలు, బండ వేషాలు మా వీధి గుండానే వెళ్తున్నాయి. కంపెనీ వైద్య విభాగానికి కాగితాలు స్వయంగా ఇచ్చి వద్దామని హైదరాబాద్ బయలుదేరబోతే అవ్వ గుమ్మానికి అడ్డం కూర్చుంది. జాతర చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. ఏడాదంతా ఆకాశంలో తిరిగేవాడికి పొలిమేర ఏమిటన్నాను. "అందుకే గదా ఇట్లా అయింది" అంది. ఈమెయిల్‌లో పంపాను.

మే 16న డాక్టరు గారు చెప్పారు: అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొరలో వాపూ పుండ్లూ. నాకు పెద్దపేగు ఎడమ భాగంలో, మధ్యస్థ తీవ్రత. క్షయ కాదని తేల్చడానికే ముక్కను అన్నిసార్లు చూశారట. "ఇది పోయే జబ్బు కాదు, అణిగి ఉండే జబ్బు. అణచిపెట్టి ఉంచడం మన చేతుల్లో ఉంది" అన్నారు. విమానం నడపవచ్చా అని అడిగాను. "నా పని మీ పేగు చూడటం. లైసెన్సు చూసేవాళ్లు వేరే ఉన్నారు" అన్నారు. బయటికి వచ్చాక నాయన, "అల్సరే గదా, గ్యాస్ మాత్ర చాలదా?" అన్నారు. కడుపులో పుండు వేరు, ఇది వేరు అని ఇల్లు చేరేదాకా చెప్పాను. అర్థమైనట్టు తలూపి, గుమ్మం దగ్గర మళ్లీ అదే అడిగారు. అవ్వ మాత్రం విని ఊరుకుని, "ఎముకకు పుత్తూరు కట్టు ఉన్నట్టు పేగుకూ ఒక కట్టు ఉంటే ఎంత బాగుండు" అంది.

మే 19న ఆ లైసెన్సు చూసేవాళ్లు నన్ను విమానం నడపడానికి మూడు నెలలపాటు తాత్కాలికంగా అనర్హుడిగా ప్రకటించారు. ఒక్క వాక్యం. దానిని ఫోనులో ఎన్నిసార్లు తెరిచి చూశానో. అయితే నిజం చెప్పాలంటే, ఆ రాత్రే చాలా రోజుల తరువాత ఆరు గంటలు ఏకబిగిన నిద్రపోయాను. ఇక ఎవరి దగ్గరా దాచేది లేదు.

మందులు: మెసలమైన్ రోజుకు 4.8 గ్రాములు, అంటే 1.2 గ్రాముల మాత్రలు నాలుగు. నెలకు సుమారు 3,600 అయ్యేది. రాత్రి 60 మిల్లీలీటర్ల ఎనీమా. ఎడమ పక్కకు ఒత్తిగిలి, కింద పాత చాప వేసుకుని, రాత్రంతా లోపల నిలుపుకోవాలి. మొదటి వారం పది నిమిషాలు కూడా నిలవలేదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే నిలుస్తుందని నర్సు చెప్పింది. డాక్టరు చెప్పని ఆ చిన్న మాట పనిచేసింది. అయినా మూడు వారాల తరువాత కూడా రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్తూనే ఉన్నాను.

జూన్ 9న ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలు. 40 మిల్లీగ్రాములు, వారానికి ఐదు చొప్పున తగ్గిస్తూ ఎనిమిది వారాలు. నాలుగో రోజుకు రక్తం ఆగింది. ఆరో రోజుకు ఆకలి రాక్షసుడైంది. పదో రోజుకు నిద్ర పోయింది. తెల్లవారుజామున రెండింటికి మేడ మీద పచార్లు చేసేవాడిని. దూరంగా కొండ మీది దీపాలు. ఆ కొండలను నేను పైనుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కింది నుంచి అంతసేపు చూడటం అప్పుడే. ముఖం గుండ్రంగా ఉబ్బింది. పక్కింటి పిన్నమ్మ "ఇంటి తిండి పట్టింది, ఇప్పుడు కళగా ఉన్నావు" అంది. ఒకరోజు అన్నం మెత్తగా అయిందని కంచం తోసేశాను. నాకోసమే కదా అమ్మ మెత్తగా వండింది. ఆమె కంచం తీసి, నేల తుడిచి, "మందు మాట్లాడుతోందిలే" అని వంటింట్లోకి వెళ్లింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తిండి గురించి అందరూ అడుగుతారు. డాక్టరు గారు కాగితం మీద పట్టికేమీ ఇవ్వలేదు, ఏది పడటం లేదో రాసుకోమన్నారు. జబ్బు రేగి ఉన్నప్పుడు నాకు కారం, వేరుశెనగ, పాలు పడలేదు. మజ్జిగన్నం, ఉడికించిన క్యారెట్, అరటిపండు పడ్డాయి. దానిమ్మ తొక్క కషాయం అవ్వ రెండుసార్లు ఇచ్చింది. మేలూ చేయలేదు, కీడూ చేయలేదు. ఇప్పుడు ఊరుబిండి తింటున్నాను, కొద్దిగా.

డబ్బు లెక్క. జూలైతో జీతం ఉన్న సెలవులు అయిపోయాయి. లైసెన్సు కోల్పోతే ఇచ్చే బీమా నాకుంది. చేరినప్పటి నుంచీ ప్రీమియం కట్టేటప్పుడల్లా తిట్టుకున్నదే. మొదటి 90 రోజులకు ఏమీ రాదు. ఆ తరువాత 31 పేజీల కాగితాలు పంపాను, ఒక సంతకం కలవలేదని తిప్పి పంపారు, మళ్లీ పంపాను. మొదటి చెల్లింపు అక్టోబర్‌లో వచ్చింది. ఈలోపు నాలుగు కంతులు నాయన కట్టారు. ఆ ఏడాది కాయ అమ్మిన డబ్బు అంతా అటే పోయింది. కోతల రోజుల్లో నేనూ తోటకు వెళ్లాను. పది ఎకరాల తోటలో బాత్రూమ్ ఉండదు కదా, మొదటి రోజు చెట్లను చూస్తుంటే గుండె దడదడలాడింది. ఏమీ కాలేదు. సాయంత్రం దాకా బెంగళూరా కాయలు ట్రాక్టరుకు ఎత్తాను.

ఆగస్టు 3న స్టెరాయిడ్ ఆపారు. ఆగస్టు రెండో వారంలో కాల్ప్రొటెక్టిన్ 310. సెప్టెంబర్ చివర 68. మళ్లీ రేగితే అజాథయోప్రిన్ లాంటి, రోగనిరోధక శక్తిని అణిచే మందులకు వెళ్లాల్సి వస్తుందని, అప్పుడు తరచూ రక్త పరీక్షలు తప్పవని డాక్టరు గారు ముందే చెప్పారు. ఆ అవసరం రాలేదు. అక్టోబర్‌లో, నవరాత్రి బ్రహ్మోత్సవాల మధ్యలో, రెండో కొలనోస్కోపీ. ఈసారి ట్యాంకు నింపి పెట్టుకున్నాం. పేగు దాదాపు మామూలుగా ఉందన్నారు.

అమ్మ ఆ సాయంత్రమే మొక్కు సంగతి బయటపెట్టింది. నాకు చెప్పకుండా నా తలనీలాలు మొక్కేసింది. నవంబర్ మొదటి వారంలో అలిపిరి నుంచి నడిచాను, 3,550 మెట్లు. ఏప్రిల్‌లో వీధి చివరి పాలబూత్ దాకా వెళ్లలేని మనిషిని. ఆ ఏడాది చిరుత భయంతో నడకదారిలో చేతికి కర్రలిస్తున్నారు. నాకు చిరుత భయం వేయలేదు. మెట్టు మెట్టుకూ నా భయం వేరే. గాలిగోపురం దగ్గర ఒకసారి, ముందు జాగ్రత్తకు వెళ్లాను. పైన కల్యాణకట్టలో గుండు.

నవంబర్ 20న బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో, మళ్లీ ఎగరవచ్చో లేదో తేల్చే వైద్య బోర్డు. తేదీ దొరకడానికే 23 రోజులు పట్టింది. పాకాల, చిత్తూరు, కాట్పాడి మీదుగా రాత్రి రైలు. గుమ్మం దగ్గర గుర్తింపు కార్డులోని జుట్టునూ, నా గుండునూ రెండుమూడు సార్లు మార్చి మార్చి చూసి, "తిరుపతియా?" అని నవ్వి వదిలారు. మూడు రోజులు: రక్తం, గుండె, కళ్లు, చెవులు, పొట్ట స్కాన్, వైమానిక దళ ఆసుపత్రి నిపుణుడి ప్రశ్నలు. ఆయన అడిగినవన్నీ నేను నిద్రలో కూడా చెప్పగలిగినవే. ఎన్నిసార్లు, రక్తం ఉందా, రాత్రి లేస్తున్నారా, తొందర వస్తే ఎంతసేపు ఆపగలరు. ఆఖరి ప్రశ్నకు "ఇప్పుడు ఎంతసేపైనా" అన్నాను. ఆయన రాసుకున్నారు. తీసుకెళ్లాల్సినది: ప్రతి చీటీ, ప్రతి బిల్లు, రెండు కొలనోస్కోపీల రంగు ఫోటోలు. నేను ముక్క రిపోర్టు నకలు మాత్రమే తీసుకెళ్లాను, అసలు అడిగారు. నాయన ఇంట్లో బీరువా తెరిచి, ఇంకో మనిషి చేతికిచ్చి మరునాటికల్లా చేర్చారు.

ఫలితం: స్టెరాయిడ్ ఆపి నాలుగు నెలలు కాలేదు కాబట్టి మరో 12 వారాలు అనర్హుడు. తిరుగు రైలులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికి రాగానే అవ్వ నా గుండు తడిమి, "పని కాకముందే మొక్కు తీరిస్తే ఆయనకు తొందరేముంటుంది?" అని అమ్మను కసిరింది.

ఆ 12 వారాలే అన్నిటికన్నా పొడుగు. జబ్బు లేదు, పని లేదు. అర్థం లేని సెలవు. బంధువులు ఇంకా ఎన్నాళ్లు సెలవని అడగడం మానేశారు, అది అడగడం కన్నా హీనం. పాత పుస్తకాలు తీసి, ఏటీఆర్ అత్యవసర పద్ధతులు రోజూ బిగ్గరగా అప్పగించేవాడిని. అవ్వ సంధ్యావందనం అనుకుందట.

2024 ఫిబ్రవరి 19, 20 తేదీల్లో మళ్లీ బెంగళూరు. ఈసారి రెండు రోజులే. 17 రోజుల తరువాత, మార్చి 8న, పైలట్ లైసెన్సులు చూసే డీజీసీఏ వారి ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో నా సీఏ-35, అంటే వైద్య అర్హత పత్రం, కనిపించింది: అర్హుడు, అయితే అర్హతా అనుభవమూ ఉన్న మరో పైలట్‌తో కలిసి మాత్రమే. రోజూ మెసలమైన్ 2.4 గ్రాములు, క్రమం తప్పకుండా రిపోర్టులు. నేనెలాగూ కో-పైలట్‌నే కాబట్టి ఇప్పటికి తేడా లేదు. కెప్టెన్ కావడం వెనక్కి జరిగింది. ఎంత వెనక్కో అడగడం మానుకున్నాను.

తరువాత సిమ్యులేటర్ తనిఖీలు. చేతులకు అన్నీ గుర్తున్నాయి, నోటికే మాటలు ఒక క్షణం ఆలస్యంగా వచ్చాయి. 2024 ఏప్రిల్ 2న తిరిగి ఎక్కాను. చివరి డ్యూటీకీ దీనికీ మధ్య 349 రోజులు.

ఆ రోజు కెప్టెన్‌ను నేను ముందు ఎప్పుడూ కలవలేదు. బయలుదేరే ముందు మాట్లాడుకునేటప్పుడు వాతావరణం, ఇంధనం, ప్రత్యామ్నాయం చెన్నై అన్నీ అయ్యాక, రాత్రంతా అద్దం ముందు చెప్పుకున్న వాక్యం చెప్పాను: "సార్, నాకు పేగు జబ్బు ఉంది, అదుపులో ఉంది. దారిలో ఒకసారి వెనక్కి వెళ్లాల్సి రావచ్చు." ఆయన కాగితాల నుంచి తల ఎత్తలేదు. "నాకు షుగర్. నేను రెండుసార్లు వెళ్తాను. నువ్వు మధ్యలో సర్దుకో" అన్నారు.

అన్నట్టే తిరుపతి చేరేలోపు రెండుసార్లు వెళ్లారు. నేను వెళ్లలేదు. రేణిగుంటలో దిగాక మాత్రం వెళ్లాను, అవసరం లేకపోయినా.